తదితర కవులకు జోహార్లు

మా పట్టణం చౌరస్తాలో తెలంగాణ కవుల స్మారక శిల వెలిసింది. మనిషి కంటే ఎత్తైన నల్ల గ్రానైట్, అద్దంలాంటి పాలిష్. పైనుంచి చదువుకుంటూ వస్తే గౌరవనీయ మంత్రివర్యులు, ఎంపీ, ఎమ్మెల్యే, చైర్‌పర్సన్, వార్డు కౌన్సిలర్లు, కమిషనర్, ఏఈ, ఆఖరికి కాంట్రాక్టర్. అందరివీ బంగారు అక్షరాలే. అక్కణ్నుంచి గొంతుక్కూర్చుంటే కవులు కనబడతారు: ‘పాల్కురికి సోమనాథుడు, పోతన, తదితర కవులు’.

భాగవతాన్ని రాజులకు అంకితమివ్వను పొమ్మన్న పోతనను తెచ్చి కాంట్రాక్టర్ కాళ్ల దగ్గర కూర్చోబెట్టాలంటే ఎంత సాహిత్యాభిమానం ఉండాలి!

నాకైతే ఆ తదితరులే తెగ నచ్చారు. మంత్రిగారు తాడు లాగి, ఫొటో దిగి వెళ్లిపోగానే మా కవులంతా రాతి మీద పడ్డారు. ఒక శతక కవిగారు మనవడిని చంకనెత్తుకుని ‘ఇదిగోరా, తాతయ్య’ అంటూ ‘తదితర’ మీద వేలు పెట్టారు. వేలు ‘ర’ మీదుంది కనుక ‘తది’ తనదేనన్నాడు వచన కవి. గజల్ కవి వచ్చేసరికి మిగిలింది కామా ఒక్కటే. సాయంత్రానికి తదితర కవుల సంఘం పుట్టింది, రాత్రికి రెండుగా చీలింది. అధ్యక్ష పదవి దక్కనివారు ప్రస్తుతం ఇతర తదితరులు.

రాతి మీద కవిత్వం ఎలా ఉంటుందో చూడాలంటే కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఎక్కాలి. కన్నడ ఆదికవి అయిన పంప కవి తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో చెక్కించిన శాసనం ఉందక్కడ. అందులో తెలుగు కంద పద్యాలున్నాయి. 2008లో ప్రాచీన భాష హోదా వచ్చిందని మనం స్వీట్లు పంచుకున్నది ఇలాంటి రాళ్ల పుణ్యమే. ఆ గుట్టకు కూడా గ్రానైట్ క్వారీల బెడద తప్పలేదు! పద్యమున్న బండ పక్కన పేలుడు మందు, పదవుల జాబితా ఉన్న పలకకు పూలదండ. సిగ్గుండక్కర్లేదా? గుట్టలు కోసి పాలిష్ పట్టించి, కవుల వంకన మీ పేర్లు చెక్కించుకుంటారా? అంత ప్రేమే ఉంటే, ఉన్న రాయిని ఉండనివ్వండి చాలు. దానికి రిబ్బన్ కత్తిరించే పని లేదు కనుక ఎవరూ ఆ గుట్ట ఎక్కరు, అంతే.

ఇంతలో మంత్రిగారి శాఖ మారిందట. కొత్తాయన పేరు కూడా పలక మీద ఇరికించాలని కమిటీ కూర్చుంది. చోటు చాలడం లేదు కాబట్టి పోతనను కూడా తదితరుల్లో కలిపేస్తారని వినికిడి.