నల్లి బొక్క గొడవ ఉత్త పంతం కాదు

'బలగం' సినిమాలో ఇంటల్లుడు నారాయణది ఉత్త పంతం అని ఆ సినిమాపై వచ్చిన వ్యాసంలో ఒక్క మాటతో తేల్చేశారు, అక్కడే నాకు అభ్యంతరం. విందులో నల్లి బొక్క (మూలుగ ఉండే ఎముక) తన విస్తట్లో పడలేదని ఇరవై ఏళ్లు అత్తగారింటి గడప తొక్కని మనిషికి కావాల్సింది మాంసమా? మనిషి ప్రవర్తన వెనక కారణం ఒక్కటే వెతికితే చాలదు, దేనికోసం అట్లా చేస్తున్నాడో కూడా చూడాలంటాడు మనస్తత్వవేత్త ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్. తనను తక్కువ చేశారన్న బాధ లోపల ఉన్నవాడే బయట పెద్దరికం కోసం పట్టుబడతాడు. మా నర్సంపేట దిక్కు పెండ్లిళ్లలో ఇది కండ్లారా చూసిన. మా పెద్ద బావకు కూర ఆఖరికి వడ్డించారని విస్తరి మడిచి లేచిపోయాడు, చెయ్యి కూడా కడుక్కోలేదు, మా అక్క చెంబు పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయింది.

సినిమా తీసిన తీరులో కూడా ఇదే లెక్క. చనిపోయిన తాతకు పిండం పెట్టి ఇంటిల్లిపాదీ కాకి కోసం చూసే సీన్లలో ఎవరి టెన్షన్ వాళ్లదే, మనవడు సాయిలుకైతే అప్పులు, ఆగిపోయిన పెండ్లి. చివర్లో మన దుగ్గొండి కళాకారులు కొమురమ్మ, మొగిలయ్య పాడుతుంటే, పెద్ద డైలాగులేవీ లేకుండానే, అదే మనుషులు ఏడుస్తూ ఒకరి దగ్గరికి ఒకరు జరుగుతారు. ఆడ్లర్ మాటల్లో అది నలుగురితో కలిసే గుణం తిరిగి రావడం. ఆ పాట గురించి వ్యాసంలో ఒక్క వాక్యమైనా రాయాల్సింది.