ట్యూడర్ల చరిత్ర అంటే భార్యల్ని చంపిన రాజు కథ ఒక్కటేనా?

ఇంగ్లండ్‌లో ఉంటున్న మన తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. క్లుప్తంగా చెప్తే: ఇక్కడి బళ్ళలో ట్యూడర్ల (ఒకప్పుడు ఇంగ్లండ్‌ను ఏలిన రాజవంశం) చరిత్రని పిల్లలకు బలవంతంగా రుద్దుతున్నారు, ఆరుగురు పెళ్ళాల్నీ చంపి, విడాకుల కోసం కొత్త మతం పెట్టిన రాజు కథ వినిపించి చిన్నపిల్లల్ని భయపెడుతున్నారు, ఆ రాజు కూతుళ్ళలో మేరీ రాక్షసి, ఎలిజబెత్ ఒక్కతే మంచిది, ఏదైతేనేం ఆ వంశంతో మనకు పనేంటి, బడికి లెటర్ రాసి ఆపించండి అని.

ముందు ఆ ఆరుగురి సంగతి. ఆ రాజు, ఎనిమిదో హెన్రీ, తల నరికించింది ఇద్దరికి, 1536లో ఆన్ బొలీన్, 1542లో కాథరిన్ హోవర్డ్. జేన్ సీమోర్ కొడుకును కన్న కొద్దిరోజులకే పోయింది. ఆరగాన్ కాథరిన్, క్లీవ్స్ ఆన్‌లతో అయిన పెళ్ళిళ్ళు అసలు చెల్లవని తేల్చారు. క్లీవ్స్ ఆన్ అయితే గొడవ పెట్టుకోకుండా ఒప్పుకుని, ఇళ్ళూ భూములూ రాయించుకుని, హెన్రీ పోయాక కూడా పదేళ్ళు ఇంగ్లండ్‌లోనే బతికింది (నన్నడిగితే ఆ ఆరుగురిలో తెలివైనది ఆవిడే). ఆఖరి భార్య కాథరిన్ పార్ భర్త కంటే ఎక్కువకాలమే ఉంది. ఈ ఆరుగురి గతినీ ఇక్కడి పిల్లలు చిన్న పాటలా టకటకా అప్పజెప్తారు, మెసేజ్ రాసినాయన ఏ పిల్లాణ్ణి అడిగినా సరిపోయేది.

ఇద్దర్ని చంపించడం మాత్రం చిన్న విషయమా? కాదు. కానీ భయపడతారనే వాదన మన నోటి నుంచి రావడం విడ్డూరం. హిరణ్యకశిపుడి పేగులు, దుశ్శాసనుడి రొమ్ము చీల్చడం అన్నం పెడుతూ చెప్పేవాళ్ళం మనం.

విడాకుల కోసం కొత్త మతం అన్నది సగం నిజం, పిల్లలకు చెప్పాల్సింది ఆ రెండో సగమే. పోప్‌ను ఎదిరించి ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్‌ను తిడుతూ పుస్తకం రాసినందుకు 1521లో పోపే హెన్రీకి మతరక్షకుడని బిరుదిచ్చాడు. లాటిన్‌లో దాని పొడి అక్షరాలు ఎఫ్, డి ఇప్పటి రాజు చార్లెస్ నాణేల మీద కూడా ఉన్నాయి, పిల్లలకు ఒక నాణెం ఇచ్చి వెతకమనండి. మరి ఆరగాన్ కాథరిన్‌తో పెళ్ళి రద్దుకు పోప్ ఎందుకు ఒప్పుకోలేదంటే, 1527లో రోమ్‌ను దోచి పోప్‌ను బందీ చేసింది స్పెయిన్‌నూ ఏలిన చక్రవర్తి అయిదో చార్లెస్ సైన్యం, ఆ చార్లెస్ ఈ కాథరిన్‌కు సొంత అక్క కొడుకు. అప్పుడు హెన్రీ పార్లమెంటు చేత చట్టాలు చేయించుకున్నాడు, 1534లో చర్చికి అధిపతి తానే అయ్యాడు, 1536 నుంచి 1540 లోపు సుమారు 800 మఠాలు మూయించి ఆస్తులు లాక్కున్నాడు. పూజా పద్ధతులు మాత్రం చాలావరకు పాతవే. 1540 జులైలో ఒకే రోజు ముగ్గురు ప్రొటెస్టెంట్లను మతద్రోహమని సజీవంగా తగలబెట్టించి, ముగ్గురు కేథలిక్కులను రాజద్రోహమని చంపించాడు. ఇంగ్లండ్‌ను గట్టిగా ప్రొటెస్టెంట్ దేశంగా మార్చింది ఆయన తర్వాత తొమ్మిదేళ్ళ వయసుకే గద్దెనెక్కిన కొడుకు ఎడ్వర్డ్ హయాం.

మేరీ సంగతి. కేథలిక్ అయిన ఆమె కాలంలో సుమారు 280 మంది ప్రొటెస్టెంట్లను మతం పేరుతో సజీవంగా కాల్చారు, అందులో సమర్థించడానికేమీ లేదు. కానీ 1569లో ఉత్తరాదిన కేథలిక్కులు తిరగబడితే ప్రొటెస్టెంట్ అయిన ఎలిజబెత్ కూడా వందలమందిని ఉరి తీయించింది, తర్వాత కేథలిక్ పాదిరీలను రాజద్రోహం కింద చంపించింది. ఒకరికి రక్తపిపాసి అన్న పేరు, ఇంకొకరికి స్వర్ణయుగం అన్న పేరు ఎందుకొచ్చాయో, చివరికి గెలిచిందెవరో చూస్తే పదేళ్ళ పిల్లకు కూడా అర్థమవుతుంది.

ఇక "మనకు పనేంటి". ఈస్టిండియా కంపెనీకి 1600 డిసెంబర్ 31న పత్రం రాసిచ్చింది ఎవరనుకున్నారు? ట్యూడర్లలో ఆఖరిదైన ఈ ఎలిజబెతే! పదకొండేళ్ళు తిరక్కుండా, 1611లో, ఆ కంపెనీ ఓడ గ్లోబ్ మన మచిలీపట్నంలో లంగరేసింది, గోల్కొండ సుల్తానుల రేవులో అద్దకం బట్టల కోసం. అంతకుముందే 1562 నుంచి జాన్ హాకిన్స్ అనే ఇంగ్లీషు నావికుడు ఆఫ్రికా మనుషుల్ని పట్టి అమ్మే వ్యాపారం మొదలుపెడితే, రెండో యాత్రకు రాణి తన ఓడనే ఇచ్చింది. బళ్ళో ఈ భాగం చెప్పకుండా ఆరుగురు రాణుల బొమ్మలకు రంగులేయించి వదిలేస్తుంటే, అప్పుడు లెటర్ రాయండి, నేనూ సంతకం పెడతాను.

చివరిది, బలవంతంగా రుద్దడం. 2014 నుంచి అమల్లో ఉన్న ఇంగ్లండ్ జాతీయ పాఠ్యప్రణాళికలో ప్రైమరీ బడికి ట్యూడర్లు అనే పాఠం పేరు పెట్టి తప్పనిసరి చేయలేదు. 1066 తర్వాతి బ్రిటన్ చరిత్రలో ఏదో ఒక అంశం ఎంచుకోమన్నారు, చాలా బళ్ళు ట్యూడర్లను ఎంచుకుంటాయి, అంతే. 1509 నుంచి 1745 దాకా చర్చి, రాజ్యం, సమాజం అన్న శీర్షిక తప్పనిసరిగా వచ్చేది 11 ఏళ్ళు దాటాక. అకాడమీ బళ్ళు (సర్కారు డబ్బుతో నడిచినా స్థానిక కౌన్సిల్ అదుపులో లేనివి) ఇప్పటిదాకా ఆ ప్రణాళికను కూడా పాటించనక్కర్లేదు, కాబట్టి మీ బడి ఏం చెప్తోందో బడి వెబ్‌సైట్లో ఉంటుంది చూసుకోండి.