గుండెపోటు అని రాస్తే బీమా రాదు

శంషాబాద్ కార్గో గేటు దగ్గర తెల్లారకముందే అంబులెన్సులు ఆగి ఉంటాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవి. చాలాసేపటికి ఒక చెక్కపెట్టె బయటికి వస్తుంది. పైన పేరు, పాస్‌పోర్టు నంబరు. వెంట వచ్చిన కాగితంలో మరణానికి కారణం: గుండెపోటు. ముప్పై ఐదేళ్లు కూడా నిండనివాడు, మొన్న రాత్రే వీడియో కాల్‌లో బిడ్డతో మాట్లాడినవాడు.

‘బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి’ అని ఉత్తర తెలంగాణలో ఊరికే అనలేదు. నీళ్లు లేని పొలం, తీరని అప్పు ఈ ప్రాంతాన్ని దశాబ్దాలుగా గల్ఫ్ ఎడారికి పంపుతున్నాయి. అక్కడ ఎర్రటి ఎండలో పనిచేసి, ఒకే గదిలో పదిమంది పడుకుని, రాత్రి నిద్రలోనే పోయినవాణ్ణి పని చంపిందా, గుండె చంపిందా? ఆ సంగతి ఎవరూ తేల్చరు. కేంద్రం పెట్టిన ప్రవాసీ భారతీయ బీమా యోజనకు రెండేళ్ల ప్రీమియం 275 రూపాయలే, పరిహారం 10 లక్షలు. కానీ ప్రమాదంలో పోతేనే. కాగితంలో ‘సహజ మరణం’ అని పడితే ఆ ఇంటికి 10 లక్షలూ లేవు. మిగిలేది ఏజెంటు కోసం చేసిన అప్పే.

ఆ ఏజెంటు 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు. ఊళ్లలో లక్షల్లో గుంజుతున్నారు. ‘విజిట్ వీసా మీద పో, అక్కడ మార్పిస్తా’ అంటారు. అలా పోయినవాడు వలస అనుమతి లేకుండా పోయినట్టే, కాబట్టి ఈ బీమా అతనికి అసలే లేదు.

కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి పోయే ఆడవాళ్ల సంగతి ఇంకా కష్టం. పదో తరగతి పాస్ కాని మహిళలకు ముప్పై ఏళ్లు నిండందే అనుమతి ఇవ్వరు. వాళ్ల రక్షణకే ఆ నిబంధన. కానీ ఇంట్లో పొయ్యి వెలగాలి కదా! వయసు చాలనివాళ్లు దొంగదారిన పోతున్నారు. ఏ రికార్డులోనూ ఉండరు కాబట్టి యజమాని పాస్‌పోర్టు లాక్కున్నా అడిగే నాథుడుండడు.

గల్ఫ్ మృతుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 5 లక్షలు ఇస్తోంది. మంచిదే. అయితే రాష్ట్రం ఇచ్చేది సాయం, కార్మికుడు ప్రీమియం కట్టిన బీమా అతని హక్కు. ఆ బీమాను సహజ మరణాలకూ వర్తింపజేయాలని, 1983 నాటి వలస చట్టాన్ని మార్చేటప్పుడైనా ఈ మాట అందులో చేర్చాలని మేము కేంద్రాన్ని కోరుతున్నాం. రెండు రాష్ట్రాలూ చేయాల్సింది ఒకటుంది. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో డబ్బు చేతులు మారకముందే, మండల కేంద్రంలోనే చూసి చెప్పే మనిషిని పెట్టాలి.