చప్పుడు లేని ఇంజిన్‌ను చెవితో కొనలేం

సెకండ్ హ్యాండ్ కారు కొనాలనుకుంటే విజయనగరంలో ఎవరైనా ముందు తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళతారు. ఆయన బోనెట్ ఎత్తించి, యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కించి, తల పక్కకు వంచి వింటాడు. ‘పర్వాలేదు, తీసుకోండి’ అంటాడు, లేదా పెదవి విరుస్తాడు. బేరం అక్కడితో తేలిపోతుంది. 1919లోనే సంగీత కళాశాల వెలసిన ఊరికి చెవి మీద ఇంత గురి ఉండటం వింతేమీ కాదు. లారీలకు పేరుపడిన సాలూరు వైపు వెళితే, డీజిల్ ఇంజిన్ మోతను బట్టే రోగం చెప్పగల మేస్త్రీలు ఇప్పటికీ కనిపిస్తారు. చిక్కల్లా ఆ విద్య, పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉన్న హైబ్రిడ్ కారు ముందు చాలకపోవడం. బటన్ నొక్కితే తెర మీద ‘రెడీ’ అని వెలుగుతుంది కానీ చప్పుడు రాదు. బండి బ్యాటరీ మీద మెత్తగా సాగుతూ నాలుగు వీధులు తిరిగి వస్తుంది. ‘చూశారా, ఎంత నిశ్శబ్దమో’ అంటూ అమ్మేవారు మురిసిపోతారు. ఆ నాలుగు వీధుల్లో ఇంజిన్ ఎంతసేపు తిరిగిందని అడిగేవారు అరుదు.

ఈ ప్రశ్న ఇప్పుడు మన గుమ్మంలోకి వచ్చింది. హోండా సిటీ హైబ్రిడ్, టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా 2022లో మార్కెట్లోకి దిగాయి. వాటిలో తొలి బండ్లు ఇప్పుడు చేతులు మారే వయసుకు వచ్చాయి. లీటరుకు 26 కిలోమీటర్ల పైమాటే అనే కంపెనీ లెక్క వినగానే, రోజూ విశాఖకు వెళ్లి వచ్చే ఉద్యోగి మనసు అటు లాగడం సహజం. అయితే ‘హైబ్రిడ్’ అనే మాట దగ్గరే ఒక మెలిక ఉంది. 2015 నుంచి వచ్చిన సియాజ్, ఎర్టిగా వంటి బండ్లలోనూ ఆ పేరు వాడారు. వాటిలోని చిన్న మోటారు ఇంజిన్‌కు చేయి అందిస్తుందే తప్ప ఒంటరిగా చక్రాలను తిప్పలేదు. గ్రాండ్ విటారాలో రెండు రకాలూ ఉన్నాయి. ఏ రకమో ఆర్సీలో, ఇన్వాయిస్‌లో చూడకుండా బయానా ఇవ్వకూడదు.

కొనేవారి భయమంతా బ్యాటరీ గురించే. నిజానికి ఈ కొత్త హైబ్రిడ్‌లలో బ్యాటరీకి కంపెనీలు ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. ఇంజిన్‌కు మామూలుగా దక్కేది రెండు మూడేళ్లే. అంటే నాలుగేళ్ల బండిలో మనం భయపడే భాగానికి ఇంకా అండ ఉంది, పాత చుట్టమే కదా అని వదిలేసిన భాగానికి లేదు. బ్యాటరీ అండ అయినా రెండో యజమానికి వర్తిస్తుందా, దానికి పెట్టిన షరతులను మొదటి యజమాని పాటించాడా అన్నది కాగితం మీద చూసుకోవలసిందే.

హైబ్రిడ్ ఇంజిన్ నాసిరకమని మేము అనడం లేదు. టయోటా తరహా వ్యవస్థలో స్టార్టర్ మోటారు, ఆల్టర్నేటర్, క్లచ్ వంటి అరిగే సామాను ఉండదు. ఇంజిన్ కూడా ఒళ్లు హూనం చేసుకునే రకం కాదు. గాలిని లోపలికి తీసుకునే ఇన్‌టేక్ వాల్వును ఆలస్యంగా మూసి, కొంత బలం వదులుకుని ఇంధనం మిగిల్చే పద్ధతి దానిది. మిగతా బలం మోటారు ఇస్తుంది. శ్రద్ధగా చూసుకుంటే అది చాలాకాలం నడుస్తుంది. ఆ శ్రద్ధ ఉందో లేదో తేల్చడమే కష్టం.

కిలోమీటర్ల రీడింగ్ చూసి తేల్చలేం. గంటస్తంభం నుంచి రైల్వేస్టేషన్ దాకా, అక్కడి నుంచి బజారు దాకా తిరిగిన బండిలో ఇంజిన్ మాటిమాటికీ మొదలవుతూ, ఒళ్లు వెచ్చబడేలోపే మళ్లీ ఆగుతూ బతుకుతుంది. ఆయిల్ తగినంత వేడెక్కదు. అందులో చేరిన నీటి ఆవిరి, కాలని పెట్రోలు బయటకు పోవు. రోజూ విశాఖ రోడ్డు మీద పరుగెత్తిన బండి ఇంజిన్ ఎక్కువ గంటలు తిరిగి ఉండవచ్చు, కానీ ఒకే వేడిలో, ఒకే తీరున తిరిగింది. 30 వేలు తిరిగిన మొదటి బండి కన్నా 70 వేలు తిరిగిన రెండోదే మేలు కావచ్చు. పది వేల కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు ఆయిల్ మార్చాలన్న నియమంలో జనం మొదటి సగమే గుర్తుంచుకుంటారు. ‘బండి తిరగనే లేదండీ’ అనే మాట వినపడితే సర్వీసు బిల్లుల తేదీలు చూడాలి.

అసలు పరీక్ష పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు చేయాలి. వెళ్లగానే బోనెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే మీకంటే ముందే ఎవరో దాన్ని లేపారన్నమాట. మరో రోజు వస్తామని చెప్పి తిరిగి రావడమే మంచిది. చల్లని బండిలో ‘రెడీ’ వెలిగాక ఇంజిన్ సాధారణంగా కొద్ది క్షణాల్లో తనంతట తాను మొదలవుతుంది. అప్పుడు గడగడ వణికి, కాసేపటికి ఏమీ ఎరగనట్టు సర్దుకుంటే అనుమానించాలి. ఇంజిన్ పైభాగాన్ని బిగించే సీలు, అంటే హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిని, రాత్రంతా ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం (కూలెంట్) సిలిండర్‌లోకి దిగితే వచ్చే లక్షణం అది. 2009 నుంచి వచ్చిన టయోటా మూడో తరం ప్రియస్ హైబ్రిడ్ ఇంజిన్లలో పొగను తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ దారి మసితో పూడుకుపోవడం, గ్యాస్కెట్ పోవడం మెకానిక్‌లు బాగా ఎరిగిన సంగతి. మంచి పేరున్న బండికీ ఒక బలహీనత ఉంటుంది. కూలెంట్ మట్టం తగ్గిందా, డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఎంత ఉంది అన్నవి చూడటానికి రెండు నిమిషాలు చాలు. ఆయిల్ మూత కింద తెల్లని నురగ కనిపించగానే తీర్పు చెప్పేయకండి. పొట్టి ప్రయాణాల తేమ వల్ల కూడా అది రావచ్చు.

తర్వాత బండిని కష్టపెట్టాలి. మనకు శృంగవరపుకోట దాటగానే అరకు ఘాట్ ఉండనే ఉంది. నలుగురు కూర్చుని, ఏసీ వేసుకుని ఎక్కితే బ్యాటరీ నిల్వ తరిగి బరువంతా ఇంజిన్ మీద పడుతుంది. చప్పుడు, వేడి, వెనక పొగ అప్పుడు బయటపడతాయి. ఘాట్ దాకా బండి ఇవ్వడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే కనీసం జాతీయ రహదారి మీద అరగంట నడిపి చూడాలి. చాలా మోడళ్లలో వెనక సీటు పక్కనో కిందో బ్యాటరీకి గాలి తీసుకునే జల్లెడ ఉంటుంది. అది దుమ్ముతో మూసుకుపోయి ఉంటే యజమాని శ్రద్ధ ఎంతో తెలిసిపోతుంది. తుపాన్లు కొత్త కాని తీరం కనుక, బండి నీట మునిగిందేమో తెలియడానికి సీట్ల కింద బురద చారలు కూడా వెతకాలి.

ఇదంతా కొనేవారి నెత్తినే వేయడం న్యాయం కాదు. కేంద్రం 2022 డిసెంబరులో మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లు రిజిస్ట్రేషన్ అధికారి నుంచి అధీకృత ధ్రువపత్రం తీసుకోవాలి, తమ దగ్గర ఉన్న బండి ఎప్పుడు ఎందుకు రోడ్డెక్కిందో ఎలక్ట్రానిక్ రిజిస్టర్‌లో రాయాలి. రోడ్డు పక్కన ఖాళీ స్థలంలో పది కార్లు నిలబెట్టిన ప్రతి చోటా ఆ పత్రం ఉందా అని రవాణా శాఖ అధికారులు ఒకసారి తిరిగి చూడాలి. ఆ నిబంధనలు యాజమాన్యం సంగతి చూస్తాయి కానీ ఇంజిన్ ఆరోగ్యం జోలికి పోవు. పూర్తి సర్వీసు చరిత్ర, బండి కంప్యూటర్‌లోని లోపాలను చదివే స్కానర్ నివేదిక అమ్మకపు కాగితాలతో పాటు ఇచ్చి తీరాలన్న షరతును కూడా వాటిలో చేర్చాలని మేము కోరుతున్నాం. వాటిని చదవగలిగేవారు జిల్లాలోనే ఉండాలంటే ఐటీఐలలో హైబ్రిడ్ మరమ్మతు మీద పొట్టి కోర్సులు పెట్టాలి. వాటిలో మొదటి సీట్లు మన షెడ్లలోని పాత మేస్త్రీలకే ఇవ్వాలి. స్కానర్ ‘అంతా బాగుంది’ అని చూపిస్తున్నా, ఘాట్ మీద ఇంజిన్ గొంతు మారితే ముందు పసిగట్టేది వాళ్లే.