ఇండియానాలో ఎవరూ షేక్‌హ్యాండ్ ఇచ్చుకోలేదు

మన అసెంబ్లీలో ఎప్పుడు గొడవ జరిగినా మర్నాటికల్లా ఫ్యామిలీ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ దిగిపోతుంది. "అమెరికాలో 130 ఏళ్ల కిందటే ఓడినవాళ్లు షేక్‌హ్యాండ్ ఇచ్చి ఇంటికి వెళ్లిపోయేవారు, పేచీ వస్తే కోర్టు చెప్పిందే వేదం, సభలో చెయ్యి లేపినవాడే లేడు, మైకులు పీకడం మనవాళ్లకే చెల్లింది" అని. మొన్న మా బాబాయ్ కూడా పంపాడు. రాసిన మహానుభావుడెవరో గానీ అమెరికాలోనే ఉన్న ఇండియానా రాష్ట్రం పేరు విన్నట్టు లేదు.

ముందు ఓడినవాళ్ల హుందాతనం సంగతి చూద్దాం. 1886లో ఇండియానా లెఫ్టినెంట్ గవర్నర్ మాన్సన్, ఫెడరల్ ప్రభుత్వంలో ఉద్యోగం రావడంతో, పదవీకాలం మధ్యలోనే రాజీనామా చేశాడు. (యానాం వాళ్లకి తెలిసిన లెఫ్టినెంట్ గవర్నర్‌ని కేంద్రం వేస్తుంది, అక్కడ జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు, రాష్ట్రంలో ఎగువ సభ అయిన సెనేట్‌ని నడిపేదీ ఆయనే, గవర్నర్ కుర్చీ ఖాళీ అయితే అందులోకి వెళ్లేదీ ఆయనే.) ఆ ఖాళీకి ఆ ఏడే ఎన్నిక పెట్టారు. డెమొక్రాట్లు జాన్ నెల్సన్‌ని, రిపబ్లికన్లు రాబర్ట్ రాబర్ట్‌సన్‌ని నిలబెట్టారు. రాబర్ట్‌సన్ గెలిచాడు. అప్పుడు గుర్తొచ్చింది డెమొక్రాట్లకి, మధ్యలో ఎన్నిక పెట్టడమే చెల్లదని! మరి చెల్లని ఎన్నికలో అభ్యర్థిని ఎందుకు నిలబెట్టినట్టు? సెనేట్‌లో మెజారిటీ వాళ్లది కాబట్టి, గెలిచినాయన్ని కుర్చీ దగ్గరికి రానివ్వకుండా తమ సెనేటర్ అలోంజో స్మిత్‌నే అధ్యక్ష స్థానంలో ఉంచుకున్నారు.

ఈ మాట అంటే కొందరు "అదేదో ఉత్తుత్తి పదవి, దానికింత గొడవేంటి, ఏదో చిన్న పేచీ అయ్యుంటుంది" అంటారు. ఉత్తుత్తిదేం కాదు. అప్పటి గవర్నర్ ఐజాక్ గ్రే మనసంతా వాషింగ్టన్‌లోని సెనేట్ సీటు మీదే ఉంది. ఆ రోజుల్లో ఆ సెనేటర్లని జనం కాదు, రాష్ట్ర శాసనసభలే ఎన్నుకునేవి. గ్రే అటు వెళ్తే ఇక్కడ గవర్నర్ అయ్యేది లెఫ్టినెంట్ గవర్నరే. చివరికి గ్రేకి ఆ సీటు దక్కలేదులెండి, డేవిడ్ టర్పీ అనే మరో డెమొక్రాట్ దాన్ని ఎగరేసుకుపోయాడు, అదీ 76-74 ఓట్లతో. ఓడింది ఎవరనుకున్నారు? 1888లో అమెరికా అధ్యక్షుడిగా గెలిచిన బెంజమిన్ హారిసన్. ఒకటి రెండు ఓట్లతో తలరాతలు మారిపోతున్న చోట సభని నడిపే కుర్చీ ఎవరికి చేదు?

ఇక కోర్టు. రాబర్ట్‌సన్‌ని ఆపాలని స్మిత్ వేసిన కేసు రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లి వీగిపోయింది. ఫార్వర్డ్ ప్రకారమైతే కథ అక్కడితో అయిపోవాలి. ఏమీ అవలేదు.

1887 ఫిబ్రవరి 24న రాబర్ట్‌సన్ సెనేట్‌లోకి వెళ్లి తన కుర్చీలో కూర్చోబోయాడు. ఆయన్ని పట్టుకుని లాగి, కొట్టి, బయటికి గెంటేశారు. లోపలున్న రిపబ్లికన్ సెనేటర్లు ఊరుకోలేదు, పిడిగుద్దులు మొదలయ్యాయి, ఎవరో తుపాకీ తీసి పైకప్పులోకి పేల్చారు కూడా. స్మిత్ తలుపులు వేయిస్తే బయటున్న రిపబ్లికన్లు, ప్రతినిధుల సభ వాళ్లతో సహా, వాటిని బద్దలుకొట్టుకుని లోపలికొచ్చారు. గొడవ భవనమంతా పాకింది. పాపం అది కొత్త భవనం, పని ఇంకా పూర్తి కూడా కాలేదు! పోలీసులొచ్చి అదుపు చేసేసరికి నాలుగు గంటలు పట్టింది. 2014లో తెలంగాణ బిల్లప్పుడు లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొడితే నెలల తరబడి తలదించుకున్నాం, వీళ్లేమో తుపాకీలే తీశారు. అలాగని మనవాళ్లు చేసింది ఒప్పని కాదు, పోలిక పెట్టేవాళ్లు కాస్త చూసి పెట్టాలి అంటున్నా.

మర్నాడు అందరూ చల్లబడ్డారా అంటే అదీ లేదు. రిపబ్లికన్ల చేతిలో ఉన్న ప్రతినిధుల సభ, సెనేట్‌తో మాకిక సంబంధం లేదు పొమ్మంది. రెండు సభలూ ఒప్పుకుంటేనే చట్టమయ్యేది, దాంతో ఆ సమావేశాలు అక్కడే చతికిలబడ్డాయి. ఇండియానా వాళ్లు ఇప్పటికీ ఆ రోజుని తమ శాసనసభ 'చీకటి రోజు' అనే అంటారు. లెఫ్టినెంట్ గవర్నర్ల జాబితాలో రాబర్ట్‌సన్ పేరు ఉంటుంది, ఆయన నడపాల్సిన సెనేట్ మాత్రం ఆయన్ని దగ్గరికి రానివ్వలేదు.

షేక్‌హ్యాండ్ ఎవరు ఎవరికిచ్చారో ఇక బాబాయే చెప్పాలి.