గీతకిటు సౌందర్యం, గీతకటు సిమెంట్

ప్రకృతికి తనంతట తాను అందంగా ఉండటం చేతకాదని, పైనుంచి ఎవరో ఒకరు కనిపెట్టి ఉండాల్సిందేనని నమ్మేవాళ్లకు జపాన్‌లోని మినే నగరం కనువిందు చేస్తుంది. యమగుచి ప్రిఫెక్చర్‌లో మూడు ఊళ్లను కలిపి 2008లో ఏర్పాటు చేసిన నగరం ఇది. మూడూ కలిసినా ఇవాళ జనాభా పాతిక వేల లోపే. మనుషుల లోటును రాళ్లు భర్తీ చేస్తున్నాయి.

అకియొషిదై పీఠభూమి మీద గడ్డిలోంచి తలలెత్తి చూసే ఆ తెల్లటి సున్నపురాళ్లు దాదాపు 35 కోట్ల ఏళ్ల కిందట సముద్రంలో పగడాల దిబ్బగా పుట్టాయి. అంత సీనియారిటీ ఉన్నా పార్కు హోదా దక్కింది 1955లోనే. హోదా వచ్చాక బాధ్యతలూ ఉంటాయి కదా. ఏటా ఫిబ్రవరిలో జనం కలిసి వెయ్యి హెక్టార్లకు పైగా గడ్డికి నిప్పు పెడతారు. పెట్టకపోతే పొదలు మొలుస్తాయి, చెట్లు లేస్తాయి, చివరికి అడవైపోతుంది. అడవి వస్తే సహజ సౌందర్యం పోతుంది! నేల మాత్రం ప్రతి ఏడూ మళ్లీ అడవి కావాలనే చూస్తోంది, ఇంకా లైన్లోకి రాలేదు.

కింద అకియొషిదో గుహ ఉంది. 1926లో అప్పటి యువరాజు హిరోహితో వచ్చి ఈ పేరు పెట్టేదాకా అది ఊరివాళ్లు పిలిచే 'తకిఅనా' అనే పేరుతోనే నెట్టుకొచ్చింది. పది కిలోమీటర్ల పైచిలుకు గుహలో ఒక్క కిలోమీటరే జనానికి. ఏడాది పొడవునా 17 డిగ్రీలే కాబట్టి వాతావరణం గురించి ఫిర్యాదుకు అవకాశం లేదు. 'నూరు పళ్లేలు' అనే సున్నపు మడుగులు లెక్కపెడితే ఐదు వందలు దాటతాయి. ఆడిట్ వాళ్లు ఎలా వదిలేశారో మరి.

అసలు విషయం గీత దగ్గరుంది. ఇదే సున్నపురాయి పార్కు హద్దులోపల ఉంటే జాతి సంపద. హద్దు దాటి ఇసా అనే ప్రాంతం వైపు ఉంటే సిమెంట్. అక్కడ కొండను మెట్లు మెట్లుగా పేల్చి తవ్వుతారు. సరుకును రెండేసి ట్రైలర్లు తగిలించిన లారీల్లో ఉబే తీరానికి పంపడానికి సిమెంట్ కంపెనీ దాదాపు 30 కిలోమీటర్ల సొంత రోడ్డే వేసుకుంది. 1950ల మధ్యలో అమెరికా సైన్యం పీఠభూమిని బాంబింగ్ ప్రాక్టీసుకు అడిగితే మాత్రం స్థానికులు ససేమిరా అన్నారు. న్యాయమే. పేల్చినందుకు కనీసం సిమెంటైనా రావాలి కదా.

ఈ గుహలాంటి సహజ స్మారకాన్ని పాడుచేస్తే జపాన్ చట్టంలో జైలుశిక్ష దాకా ఉంది. కాబట్టి గుహలో సున్నపు ముక్క విరిచి జేబులో వేసుకుందామనుకునే పర్యాటకులకు ఒక సౌకర్యం చెప్పాలి. ప్రైవేటు భాగస్వామ్యంతో నడిచే తొలి జపాన్ జైలును 2007లో ఈ ఊళ్లోనే తెరిచారు. కొండకొండనే ఎత్తుకెళ్లేవాళ్లు అటువైపు వెళ్లనక్కర్లేదు, వాళ్లకు వేరే రోడ్డుంది.