అతిథికి నోటీసు, ఇంటివాళ్లకు చప్పట్లు

సినిమా పాటల్లో ఆడవాళ్లను కించపరిచే స్టెప్పులు మానకపోతే చర్యలు తప్పవని తెలంగాణ మహిళా కమిషన్ 2025 మార్చిలో హెచ్చరించింది. ఆలస్యమైనా మంచిదే. కానీ స్టెప్పుల దగ్గరే ఎందుకు ఆగింది? స్టెప్పు తెరమీద ఉంటుంది. పాటలోని మాట పిల్లల నోటికెక్కుతుంది.

బళ్లలో ఏటా వార్షికోత్సవాలు జరుగుతాయి. ఏదో ఒకదానికి వెళ్లి చూడండి. మూడో తరగతి ఆడపిల్లలు ఆరుగురు, చమ్కీల గౌన్లు, పెదాలకు అమ్మ లిప్‌స్టిక్. పాటలోని గొంతు తన ఒంటిని తనే బేరం పెడుతుంటే పిల్లలు పెదవులు కలుపుతూ నడుం తిప్పుతారు. మరిచిపోయిన పిల్లకు వేదిక పక్కనుంచి టీచరే చేతులు ఊపి గుర్తుచేస్తుంది. తల్లిదండ్రులు సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకుంటారు. తర్వాత మగపిల్లల వంతు. చేతిలో అట్టకత్తి, స్పీకర్లో నరుకుతా, చంపుతా. ముఖ్య అతిథి చప్పట్లు కొడతారు. రియాలిటీ షోల్లో పిల్లల చేత ఇలాంటి గంతులు వేయించొద్దని 2019 జూన్‌లోనే కేంద్ర సమాచార, ప్రసార శాఖ టీవీ ఛానెళ్లకు చెప్పింది. బడికి ఎవరు చెప్పాలి?

2024 నవంబరులో పంజాబీ గాయకుడు దిల్‌జీత్ దోసాంజ్ హైదరాబాద్ కచేరీకి వస్తుంటే మన అధికారులు ముందే నోటీసు పంపారు. మద్యాన్ని, మత్తుమందులను, హింసను పొగిడే పాటలు పాడొద్దన్నారు. పిల్లల్ని వేదిక ఎక్కించొద్దన్నారు. ఆయన మందు అన్న మాట తీసేసి, కూల్‌డ్రింక్ పేరు పెట్టి పాడి వెళ్లారు. ఆ నోటీసు తప్పని మేం అనడం లేదు. అది ఫిల్మ్‌నగర్ గడప ఎందుకు తొక్కలేదనే అడుగుతున్నాం. ఒక్క రాత్రి పాడి వెళ్లేవాడికి నోటీసు. ఏడాది పొడవునా అవే మాటలు అమ్ముకునేవాళ్లకు టికెట్ రేట్లు పెంచుకోమని జీవో. ఇదెక్కడి న్యాయం?

చట్టం లేదని ఎవరూ తప్పించుకోలేరు. బహిరంగ స్థలంలో నలుగురికీ రోత పుట్టేలా అశ్లీల గీతం పాడితే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద మూడు నెలల వరకూ జైలు, వెయ్యి రూపాయల వరకూ జరిమానా పడొచ్చు. ఇక సెన్సార్ సంగతి. లిరికల్ వీడియో సినిమా కంటే వారాల ముందే యూట్యూబ్‌లోకి వస్తుంది. బోర్డు సినిమా చూసేనాటికి పాట పిల్లలకు కంఠతా. అప్పుడు యూ/ఏ సర్టిఫికెట్ కింద 7, 13, 16 ఏళ్లని ఎన్ని గీతలు గీస్తే ఏం లాభం?

నచ్చకపోతే వినొద్దని, రాసేవాడి స్వేచ్ఛకు అడ్డుపడొద్దని అంటారు. పెళ్లి బరాత్ డీజే, ఆటోలో స్పీకర్, పక్కింటి టీవీ మన అనుమతి అడిగి మోగుతున్నాయా? క్షేత్రయ్య శృంగార పదాలు రాయలేదా అని ఇంకో వాదన. రాశాడు. ఆ పదాల్లో నాయిక అలుగుతుంది, నిలదీస్తుంది, కాదు పొమ్మంటుంది. ఆమెకో మనసుంది. నేటి పాటలో ఆమె సరుకు. తేడా అక్కడే ఉంది. 12 నుంచి 17 ఏళ్ల పిల్లలు 1,461 మందిని కొన్నేళ్లు గమనించి అమెరికాలోని ర్యాండ్ సంస్థ 2006లో ప్రచురించిన అధ్యయనమూ దాన్నే పట్టుకుంది. చిన్న వయసులోనే లైంగిక సంబంధాల్లోకి వెళ్లడానికి, పాటలకు ముడి కనిపించింది. అయితే మామూలు శృంగార గీతాలతో కాదు, మనిషిని కించపరిచే పాటలతోనే.

కమిషన్‌కు చిత్తశుద్ధి ఉంటే పాట రాసినవారినీ, విడుదల చేసిన ఆడియో కంపెనీనీ పేరు పెట్టి పిలవాలి. విద్యాశాఖ ఈ వారమే ప్రతి బడికీ ఒక సర్క్యులర్ పంపాలి. దానికి రూపాయి ఖర్చు లేదు. ఇక మంత్రులు, ఎమ్మెల్యేలు. మైకు ముందు మహిళా గౌరవం గురించి గంటసేపు చెబుతారు కదా. రేపు బడి వేదిక మీద మూడో తరగతి పిల్ల ఆ పాటకు నడుం తిప్పడం మొదలుపెట్టగానే ముందువరుసలోంచి లేచి, ఆపండి అనండి. ఆ పని చేయలేకపోతే ఆ మైకూ పట్టుకోకండి.